ర్యాంకు, ఖర్చు ఒకే కాగితం మీద: మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలను పోల్చుకోవడం ఎలా

ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి విజయవాడ, గుంటూరు ఇళ్లలో రెండు ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఈ ర్యాంకుకు ఎక్కడ సీటు వస్తుంది? నాలుగేళ్లకు ఎంత అవుతుంది? మొదటిదాని సంగతి పిల్లలు ఫోన్లో చూసుకుంటారు, రెండోదాని సంగతి నాన్న మనసులో లెక్కేసుకుంటాడు. ఇద్దరి లెక్కలూ ఒక కాగితం మీదికి రావు. తీరా సీటు అలాట్ అయ్యాక, హాస్టల్‌తో కలిపి చూస్తే మోయలేమని తెలుస్తుంది. లేదా ఖర్చుకు భయపడి, నిజానికి అందుబాటులో ఉన్న మంచి కాలేజీని ఆప్షన్లలో పెట్టకుండానే వదిలేస్తారు. రెండోది ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అలా వదులుకున్నామన్న సంగతి కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ టెన్షన్‌లో లెక్కలు వేయలేం. అందుకే ఫలితాలకు ముందే, ఇంకా చెప్పాలంటే పరీక్ష రాసి ఇంటికి వచ్చిన వారంలోనే ఈ పని మొదలుపెట్టండి. ఒక పొడుగు నోట్‌బుక్, ఒక పెన్సిల్ చాలు. ఎక్సెల్ వచ్చిన పిల్లలుంటే ఇంకా మంచిది. పిల్లలు, పెద్దలు పక్కపక్కన కూర్చుని చేయాల్సిన పని ఇది.

ముందుగా, మీ ర్యాంకు దేనితో తయారవుతుందో తెలుసుకోండి

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు: గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు కోత లేదు. పరీక్ష చాలా సెషన్లలో జరుగుతుంది కాబట్టి వచ్చిన మార్కులను నార్మలైజ్ చేస్తారు, అంటే పేపర్ల కష్టంలో తేడాను సరిచేస్తారు. ఆ నార్మలైజ్ అయిన మార్కుకు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి కలిపితే వచ్చేదే ర్యాంకుకు ఆధారం. కోవిడ్ రోజుల్లో ఇంటర్ వెయిటేజీని పక్కన పెట్టారు, 2023లో మళ్లీ తెచ్చారు.

ఇంటర్ మార్కుల విలువను చాలామంది తక్కువగా చూస్తారు. ఒకసారి లెక్క చూడండి. ఇద్దరు పిల్లలకూ ఈఏపీసెట్‌లో 90 మార్కులే వచ్చాయనుకుందాం. 160కి 90 అంటే, 75 శాతం వెయిటేజీలో 42.19. ఒకరికి ఇంటర్ గ్రూపులో 95 శాతం, ఇంకొకరికి 80 శాతం. మొదటివారికి 23.75 కలుస్తుంది, రెండోవారికి 20 కలుస్తుంది. తేడా 3.75. ఈ తేడాను ఈఏపీసెట్‌లో పూడ్చుకోవాలంటే 8 మార్కులు ఎక్కువ తెచ్చుకోవాలి. జనం గుమిగూడి ఉండే మధ్య మార్కుల దగ్గర 8 మార్కులంటే ర్యాంకు ఎక్కడి నుంచి ఎక్కడికో జారిపోతుంది. కాబట్టి సీనియర్ ఇంటర్ పిల్లలు ఇంట్లో ఉంటే, పబ్లిక్ పరీక్షలను ఎలాగోలా గట్టెక్కితే చాలనే మాట అననివ్వకండి.

అర్హత మార్కు 25 శాతం, అంటే 160కి 40. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ కనీస మార్కు నిబంధన లేదు.

మీ గడి ఏదో గుర్తించండి

గత సంవత్సరాల చివరి ర్యాంకుల (సీటు దక్కిన ఆఖరి ర్యాంకుల) పట్టికలు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వాటిలో ఒక్కో వరుస ఒక కాలేజీలోని ఒక బ్రాంచికి చెందుతుంది. అడ్డంగా కాలేజీ కోడ్, ఊరు, జిల్లా, కో-ఎడ్యుకేషనా గర్ల్స్ కాలేజీయా, ఏ యూనివర్సిటీకి అనుబంధం, ఆ తర్వాత ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, ఎస్సీ, ఎస్టీ, బీసీ ఏ నుంచి ఈ వరకు, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవారు) ఇలా గడులు ఉంటాయి. చాలా పట్టికల్లో చివరి గడిలో కన్వీనర్ సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే సీటు) ఫీజు కూడా ఇస్తారు. ర్యాంకు కోసం పట్టిక తెరిచినవాళ్లలో ఆ చివరి గడి దాకా జరిపి చూసేవాళ్లు తక్కువ. మీరు తప్పకుండా చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది.

పక్కింటి అబ్బాయికి ఏ ర్యాంకుకు ఎక్కడ వచ్చిందన్నది మీకు కొలత కాదు. మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, లోకల్ ఏరియా, ఈ మూడూ కలిసిన గడి ఒక్కటే మీది. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు రిజర్వు కాబట్టి గర్ల్స్ గడి విడిగా చూడాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకు బాగుంటే ఓసీ సీటూ వస్తుంది, అందుకని ఓసీ గడిని కూడా గమనించాలి. ఎస్సీ కోటాను గ్రూపులుగా విభజించే ఎస్సీ వర్గీకరణ 2025లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు పట్టికల్లో ఎస్సీ అంతా ఒకే గడి కాబట్టి, ఆ అంకెలను ఇప్పటి గ్రూపులకు ఉన్నదున్నట్టు అన్వయించకండి.

లోకల్ ఏరియా సంగతి ఇంకా ముఖ్యం. ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం నుంచి శ్రీకాకుళం దాకా ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు ఎస్వీ యూనివర్సిటీ పరిధి. ప్రతి కాలేజీలో 85 శాతం సీట్లు ఆ పరిధిలోని లోకల్ పిల్లలకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్, అంటే వేరే పరిధి పిల్లలూ పోటీ పడొచ్చు. గుంటూరు పిల్లవాడు తిరుపతి కాలేజీ చివరి ర్యాంకు చూసి నాకూ వస్తుందనుకుంటే పొరపాటు. అక్కడ అతని పోటీ ఆ 15 శాతంలోనే. అదే కాకినాడ, విశాఖపట్నం కాలేజీలైతే దూరమైనా లోకల్ కిందికే వస్తాయి.

మూడేళ్ల ర్యాంకులు రాసుకోండి, కానీ ఉత్త అంకెను నమ్మకండి

ఒక్క ఏడాది చివరి ర్యాంకు చూసి నిర్ణయం తీసుకోవద్దు. మూడేళ్లవి తీసుకోండి, ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్ చివరి విడత తర్వాతి అంకెనే తీసుకోండి. మొదటి విడత ర్యాంకుకీ చివరి విడత ర్యాంకుకీ తేడా ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సవరణ ఉంది. ఏటా క్వాలిఫై అయ్యేవారి సంఖ్య మారుతుంది. 2023లో ఇంజనీరింగ్‌లో సుమారు 1.71 లక్షల మంది క్వాలిఫై అయితే, 2024లో సుమారు 1.95 లక్షల మంది అయ్యారు. ఒక కాలేజీ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్)లో 2023 చివరి ర్యాంకు 27,000 అనుకుందాం. 2024లో మీ ర్యాంకు 30,000. చూడగానే అందలేదనిపిస్తుంది. శాతంలోకి మార్చండి: 1.71 లక్షల్లో 27,000 అంటే 15.8 శాతం. 1.95 లక్షల్లో 30,000 అంటే 15.4 శాతం. అంటే మీరు ఆ గీతకు లోపలే ఉన్నారు. ర్యాంకును ఆ ఏడాది క్వాలిఫై అయిన సంఖ్యతో భాగించి వందతో గుణించడమే, ఐదు నిమిషాల పని. పట్టికలో అసలు ర్యాంకు పక్కనే ఈ శాతాన్నీ రాసుకుంటే మూడేళ్ల అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తాయి.

సీట్ల సంఖ్య కూడా మారుతోంది. 2024-25 నుంచి బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో సౌకర్యాలున్న కాలేజీలు సీఎస్ఈ సీట్లు పెంచుకున్నాయి. సీట్లు పెరిగిన చోట చివరి ర్యాంకు కిందికి జారుతుంది. మీ జాబితాలోని కాలేజీ ఈ ఏడాది ఎన్ని సెక్షన్లు నడుపుతోందో కనుక్కోండి. అది ర్యాంకు అంచనాకూ పనికొస్తుంది, పాఠం చెప్పేవాళ్లు అంతమంది ఉన్నారా అన్న ప్రశ్నకూ దారి తీస్తుంది.

సీఎస్ఈ, సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, ఐటీ అన్నీ వేర్వేరు కోడ్లు, వేర్వేరు చివరి ర్యాంకులు. ఒకే కాలేజీలో వీటి మధ్య వేల ర్యాంకుల తేడా ఉండొచ్చు. సిలబస్ చాలావరకు కలుస్తుంది కాబట్టి, కాలేజీ మీద గురి ఉన్నవాళ్లు ఈ కోడ్లన్నీ విడివిడి వరుసలుగా రాసుకోవాలి.

ఇక ప్రతి వరుస పక్కనా ఒక గుర్తు పెట్టండి. మూడేళ్లలోనూ చివరి ర్యాంకు శాతం మీ శాతం కంటే బాగా ఎక్కువగా ఉంటే టిక్కు. ఒక ఏడాది అందుతూ ఇంకో ఏడాది జారిపోతుంటే చుక్క. ఎప్పుడూ అందకపోతే బాణం. బాణం గుర్తువి కొట్టేయకండి, వాటితో పని ఉంది.

చివరి ర్యాంకు చెప్పేది ఒక్కటే: ఆ సీటును ఎంతమంది కోరుకున్నారని. పాఠాలు ఎలా చెబుతారో అది చెప్పదు. సిటీకి దగ్గరగా, హైవే పక్కన ఉన్న కాలేజీకి ఆ కారణంగానే గిరాకీ పెరుగుతుంది. కొంచెం లోపలికి ఉన్న మంచి కాలేజీలో సీటు సులువుగా వస్తుంది.

నాలుగేళ్ల ఖర్చు వేయండి: ఇక్కడ తొందరపడకండి

ట్యూషన్ ఫీజు ఒక్కటే రాసి ఊరుకునేవాళ్లు ఎక్కువ. దానికి తోడు ఏటా ఎన్ని పేర్లతో డబ్బు కట్టాలో కాలేజీ ఆఫీసులో కూర్చుని అడిగి రాసుకోవాలి.

కన్వీనర్ సీటు ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం జీవో ఇచ్చి ఖరారు చేస్తుంది. మూడేళ్ల బ్లాకుకు ఒకసారి కాలేజీల లెక్కలు చూసి, ఒక్కో కాలేజీకి ఒక్కో ఫీజు పెడతారు. 2023-24లో మొదలైన బ్లాకులో ఏడాదికి 40 వేల చుట్టుపక్కల ఫీజున్న కాలేజీలు చాలా ఉన్నాయి, పై వరుసలోవి లక్ష దాటాయి. మీరు చేరే ఏడాది జీవోలో ఆ కాలేజీ పేరు ఎదురుగా ఉన్న అంకెనే రాసుకోండి, ఫోన్లో ఎవరో చెప్పింది కాదు.

దాని కింద ఇవి రాయండి: యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, సెమిస్టర్ పరీక్ష ఫీజులు, క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో తీసుకునేది, యూనిఫాం, రికార్డులు, ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు ఖర్చులు. ప్రతిదానికీ రసీదు ఇస్తారా అని అడగండి. రసీదు ఇవ్వం అంటే ఆ డబ్బు ఏమిటో మీరే అర్థం చేసుకోండి. క్యాపిటేషన్ ఫీజును మన రాష్ట్రంలో 1983 చట్టమే నిషేధించింది.

తర్వాత హాస్టలా, రోజూ వెళ్లిరావడమా? ఖర్చు అసలు తేలేది ఇక్కడే. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇల్లు గుంటూరులో. మొదటి కాలేజీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, ఫీజు 90 వేలు, కాలేజీ బస్సు 30 వేలు, చిల్లర ఫీజులు 8 వేలు. ఏడాదికి 1,28,000, నాలుగేళ్లకు 5,12,000. రెండో కాలేజీ వేరే జిల్లాలో, ఫీజు 50 వేలే. హాస్టల్, మెస్ 85 వేలు, చిల్లర ఫీజులు 8 వేలు, పండగలకీ సెలవులకీ రాకపోకలు 7 వేలు. ఏడాదికి 1,50,000, నాలుగేళ్లకు 6 లక్షలు. ఫీజు 40 వేలు తక్కువున్న కాలేజీ చివరికి 88 వేలు ఎక్కువ తేలింది.

హాస్టల్ ఫీజు ఏటా పెరుగుతుంది. ఏడాదికి 5 శాతం పెరిగితే, 85 వేల హాస్టల్ నాలుగేళ్లలో 3.4 లక్షలు కాదు, సుమారు 3.66 లక్షలు అవుతుంది. ఈ 26 వేలను కూడా ముందే కలిపేయండి.

రోజూ వెళ్లిరావడంలో మన ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. విజయవాడ, మంగళగిరి, నంబూరు, గుంటూరు ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. గుంటూరు, తెనాలి మధ్య ఇంకో లైను ఉంది. స్టేషన్‌కు దగ్గర కాలేజీ అయితే విద్యార్థి సీజన్ టికెట్ ధర కాలేజీ బస్సుతో పోలిస్తే చాలా తక్కువ. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కంచికచర్ల నుంచో సత్తెనపల్లి నుంచో వచ్చే అమ్మాయికి ఇది ఏడాదికి వేలల్లో ఆదా. అయితే ఆ బస్సు కాలేజీ వేళకు ఉందా, సాయంత్రం ల్యాబ్ ముగిశాక తిరిగి రావడానికి దొరుకుతుందా అన్నది ఒకరోజు స్వయంగా వెళ్లి చూడాలి. కాలేజీ బస్సు తీసుకోవడం తప్పనిసరి అనే చోట్లు కూడా ఉన్నాయి, అదీ అడగండి. రోజుకు మూడు గంటలు ప్రయాణంలో పోతే ఆ అలసట పిల్లల చదువు మీద పడుతుంది. నా అభిప్రాయంలో ఒకవైపు గంటంపావు దాటితే హాస్టల్ ఖర్చు దండగ కాదు.

ల్యాప్‌టాప్, ఫోన్, బట్టలు ఎక్కడ చేరినా ఒకటే. పోలికలో వాటిని కలపొద్దు, డబ్బు మాత్రం పక్కన పెట్టుకోండి.

రీయింబర్స్‌మెంట్ పోగా మీ చేతి నుంచి పడేది ఎంత?

కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండి, మిగతా అర్హతలు కుదిరితే కన్వీనర్ సీటుకు ట్యూషన్ ఫీజును ప్రభుత్వం భరిస్తుంది. దీన్నే ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్ ద్వారా నడుస్తుంది. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకూ, ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలు (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థలు) సొంతంగా ఇచ్చే సీట్లకూ ఇది వర్తించదు. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లను కాలేజీలోనే నింపే స్పాట్ అడ్మిషన్లకు కూడా వర్తించదు. స్పాట్‌లో మంచి కాలేజీ దొరికిందని సంబరపడి చేరి, తర్వాత ఈ సంగతి తెలిసి ఇబ్బంది పడే కుటుంబాలున్నాయి.

పైన అనుకున్న లెక్కనే రీయింబర్స్‌మెంట్‌తో చూడండి. మొదటి కాలేజీలో మీ చేతి నుంచి పడేది ఏడాదికి 38 వేలు, నాలుగేళ్లకు 1,52,000. రెండోదాంట్లో ఏడాదికి లక్ష, నాలుగేళ్లకు 4 లక్షలు. ఇప్పుడు తేడా దాదాపు రెండున్నర లక్షలకు చేరింది. అర్హత ఉన్న కుటుంబం ఫీజు తక్కువున్న కాలేజీ కోసం వెతకడంలో అర్థం లేదు. వాళ్లు చూడాల్సింది హాస్టల్ ఖర్చు. ఈ ఒక్క విషయం తెలియక, ఫీజు లక్ష అని భయపడి మంచి కాలేజీలను ఆప్షన్లలో పెట్టని పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అయితే ఆ డబ్బు విడతలుగా, తరచూ ఆలస్యంగా విడుదలవుతుంది. కాలేజీలో సూటిగా అడగండి: ప్రభుత్వం నుంచి రాకపోతే ముందు మమ్మల్ని కట్టమంటారా? పరీక్ష ఫీజు తీసుకోవడం ఆపుతారా? ఇదే ప్రశ్న అక్కడ చదువుతున్న సీనియర్లనూ అడగండి. కనీసం ఒక ఏడాది ఫీజుకు సరిపడా డబ్బు సర్దుబాటు చేసుకునే దారి ముందే చూసి పెట్టుకోవడం మంచిది.

ఆదాయ, కుల ధ్రువపత్రాలు, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. ఈడబ్ల్యూఎస్ వాళ్లు ఆ ఏడాదికి చెల్లే పత్రం తీసుకోవాలి, పాతది చూపిస్తే ఒప్పుకోరు.

కాలేజీ హోదా మారిందేమో చూడండి

మన చుట్టుపక్కల ఇది తరచూ జరుగుతోంది. వడ్లమూడి విజ్ఞాన్ 2008లో, వడ్డేశ్వరం కేఎల్ 2009లో డీమ్డ్ యూనివర్సిటీలయ్యాయి. 1977లో మొదలైన కానూరు వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కూడా ఇటీవల డీమ్డ్ హోదా పొందింది. పాత చివరి ర్యాంకుల పట్టికలో కాలేజీ పేరు కనిపించినంత మాత్రాన ఈసారి కన్వీనర్ కౌన్సెలింగ్‌లో ఉంటుందని అనుకోవద్దు. డీమ్డ్ అయితే ప్రవేశ పరీక్ష వేరు, ఫీజు వేరు, రీయింబర్స్‌మెంట్ లేదు.

అమరావతిలోని ఎస్ఆర్ఎం, వీఐటీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ ద్వారా నిండుతాయి. ఆ సీట్ల ఫీజు, అవి సొంత పరీక్ష ద్వారా ఇచ్చే సీట్ల ఫీజు రెండూ ఒకటి కావు. కాబట్టి వాటికి మీ పట్టికలో రెండు వరుసలు కేటాయించండి. సొంత పరీక్షల ర్యాంకును ఈఏపీసెట్ ర్యాంకుతో పోల్చడానికి ప్రయత్నించకండి, రాసేవాళ్లే వేరు. వీఐటీలో ర్యాంకును బట్టి ఫీజు శ్లాబు మారుతుంది. కొన్నిచోట్ల ఇంటర్ మార్కులకో జేఈఈ పర్సంటైల్‌కో రాయితీ ఇస్తారు. అలాంటి రాయితీ చెబితే మూడు ప్రశ్నలు వేయండి: మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకా? నిలవాలంటే ఎంత సీజీపీఏ (సెమిస్టర్లన్నిటి సగటు గ్రేడు) ఉండాలి? ఫీజు ఏటా ఎంత పెరుగుతుంది? జవాబు కాగితం మీద ఇవ్వమని అడగండి.

యూనివర్సిటీ కాలేజీలను మరవొద్దు. ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్టీయూ కాకినాడ, నరసరావుపేట జేఎన్టీయూ, మనకు దగ్గరి నాగార్జున యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ. వీటిలోనూ రెగ్యులర్ సీటు, సెల్ఫ్ ఫైనాన్స్ (ఖర్చంతా ఫీజుల మీదే నడిచే) సీటు అని ఉంటాయి, ఫీజులో తేడా పెద్దది. పట్టికలో కాలేజీ రకం గడి చూస్తే తెలుస్తుంది.

జేఈఈ మెయిన్ రాసిన పిల్లలుంటే తాడేపల్లిగూడెం నిట్‌ను ఒక వరుసగా చేర్చండి. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. ట్యూషన్ ఏడాదికి 1.25 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఆదాయం లక్ష లోపు కుటుంబాలకు ట్యూషన్ పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల వరకు మూడింట రెండొంతులు మాఫీ. అంటే ఆదాయం నాలుగు లక్షలున్న ఇంటికి నిట్ ట్యూషన్ ఏడాదికి సుమారు 42 వేలే పడుతుంది. హాస్టల్ మాత్రం మీరే కట్టాలి.

పెట్టే డబ్బుకు ఏం వస్తుందో ఒక గడిలో రాయండి

ప్లేస్‌మెంట్ బ్యానర్ మీద ఉండేది ఒక్కరి ప్యాకేజీ. మీకు కావాల్సింది మధ్యలో ఉన్నవారి జీతం. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీలు సమర్పించే వివరాల పత్రంలో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మీడియన్ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అన్నీ ఉంటాయి. దాన్ని కాలేజీ వెబ్‌సైట్‌లోనే వెతకొచ్చు. ఉద్యోగం వచ్చినవారిని పాసైనవారితో కాకుండా, మొదట చేరినవారితో భాగించి చూడండి. బ్యాక్‌లాగ్‌లతో మధ్యలో ఆగినవాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. ఆ శాతం చూశాక బ్యానర్ గురించి మీ అభిప్రాయం మారొచ్చు.

నాణ్యతను చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి ఇచ్చేది. మీరు చేరే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, గడువు ఎప్పటిదాకా అని చూడండి.

ఆప్షన్లు పెట్టే వరుస

ఇప్పుడు మీ ముందు ర్యాంకు గుర్తులు, నాలుగేళ్ల చేతి ఖర్చు, ఫలితం పక్కపక్కన ఉన్నాయి. ముందు మీ ఇంటికి మోయలేని వరుసలను కొట్టేయండి. ఇది పిల్లలతో మాట్లాడి చేయాలి. ఎంత వరకు పెట్టగలమో అమ్మానాన్నలు దాచకుండా చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. వాళ్లకు తెలియనివ్వకుండా అప్పు చేయడం కంటే ఇది మేలు. ఒకవేళ లోను అవసరమైతే పీఎం విద్యాలక్ష్మి పథకం చూడండి. ఎంపిక చేసిన ఉన్నత సంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చినవారికి హామీ లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకు మేనేజర్‌ను అడగండి.

మిగిలిన వాటిని మీ ఇష్టం ప్రకారం వరుసగా పెట్టండి, వచ్చే అవకాశం ప్రకారం కాదు. కంప్యూటర్ మీ ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు అందిన మొదటి సీటు ఇస్తుంది. బాణం గుర్తు కాలేజీలు పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్నవి చేజారవు. అందుకే వాటిని కొట్టేయొద్దన్నాను. చుక్కలు, టిక్కులు కూడా ఇష్టాన్ని బట్టే వరుసలో పెట్టండి, టిక్కులు మాత్రం ధారాళంగా ఉండాలి. పది ఆప్షన్లు పెట్టి సీటు రాలేదని బాధపడేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎంతో నచ్చినా సరే, చేరలేమని తెలిసిన కాలేజీని మాత్రం జాబితాలో ఉంచకండి.

రెండో విడతలో ఒక మెలిక ఉంది. మొదటి విడత సీటు చేతిలో ఉండి మళ్లీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన వెంటనే పాతది రద్దవుతుంది. వెనక్కి వెళ్లడానికి లేదు. కాబట్టి రెండో విడతలో, చేతిలో ఉన్న సీటు కంటే కచ్చితంగా మేలనుకున్నవే పెట్టండి.

ఆప్షన్లు మన ఫోన్ నుంచో ఇంటి కంప్యూటర్ నుంచో మీరే పెట్టండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఏ కాలేజీ పీఆర్వోకూ, ఏ కన్సల్టెన్సీకీ ఇవ్వకండి, ఎంత మర్యాదగా అడిగినా సరే. పెట్టాక ఫ్రీజ్ (ఖరారు) చేసి, ప్రింటు తీసి, కోడ్లను నోట్‌బుక్‌తో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడాలో వేరే జిల్లా కాలేజీ కోడ్ పడుతుంది.

కౌన్సెలింగ్ నడుస్తుండగా ముందు జాగ్రత్తగా ఎక్కడైనా మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు కట్టాల్సి వస్తే, రసీదు లేకుండా కట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వదిలి రాకండి. తరగతులు మొదలుకాకముందే సీటు వదులుకుంటే, ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించి కోయకుండా కట్టిన ఫీజంతా వాపసు ఇవ్వాలని ఏఐసీటీఈ నిబంధన. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం కూడా కుదరదు. వదులుకునే ఉత్తరం రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.